మూడు డిగ్రీల తేడా

జూన్ రెండో వారంలో, మంగళవారం పొద్దున పదిన్నరకు, మామిడి గుజ్జు లైను ఆగిపోయింది. ఆ సమయానికి తనుజ పండ్లు కడిగే తొట్టి పక్కన గొంతుకూర్చుని పంపు బెల్టు బిగిస్తోంది. అంతవరకూ హోరుమంటున్న షెడ్డు ఉన్నట్టుండి మూగబోయింది. ఆమె స్పానరు అక్కడే వదిలేసి, చీర చెంగు మీద వేసుకున్న నీలం కోటుకే చేతులు తుడుచుకుంటూ పరుగులాంటి నడకతో కంట్రోల్ ప్యానెల్ దగ్గరికి పోయింది.

ఆ ఫ్యాక్టరీ తమిళనాడులో, ధర్మపురి నుంచి కారిమంగళం పోయే దారిలో ఉంది. ఏడాదిలో మూడు నెలలే దానికి ఊపిరి. మే నడుమ నుంచి ఆగస్టు మొదటిదాకా చుట్టుపక్కల తోటల్లోని బెంగుళూరా రకం మామిడికాయంతా ట్రాక్టర్ల మీద ఆ గేటుకే వస్తుంది. షెడ్లలో నాలుగైదు రోజులు పండబెట్టి, కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, కాచి, గాలి చొరని సంచుల్లో నింపి, ఆ సంచుల్ని నీలం డ్రమ్ముల్లో పెట్టి ఓడలెక్కిస్తారు. తనుజ మెడలో వేలాడే కార్డు మీద ఇంగ్లీషులో ఏదో పొడుగాటి హోదా రాసి ఉంది గాని, దాని అర్థం ఒకటే. లైను మీద ఏది మొరాయించినా ఉత్పత్తి చేసేవాళ్ళు ముందు పిలిచేది ఆమెను. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి ఎనిమిదేళ్ళుగా అక్కడే పని చేస్తోంది.

ఆమెది కారిమంగళానికి అవతల, పెద్దరోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే పల్లె. ఎన్ని తరాల కిందట ఎక్కడి నుంచి వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు గాని ఇంట్లో మాత్రం తెలుగే. గడప దాటితే తమిళం. మేనమామ సుబ్బరాయప్పకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఆమెను పాలిటెక్నిక్‌లో చేర్చడానికి వెంటబెట్టుకుపోయింది ఆయనే. ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన రోజున ఊరంతా చెప్పుకుని తిరిగిందీ ఆయనే. ఆ మంగళవారం గేటు బయట వరుసలో అందరికంటే ముందున్న ట్రాక్టరు ఆయనది. నిన్న కోసిన కాయ.

ప్యానెల్ తెర మీద రెండు అంకెలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఒకటి తొంభైమూడు, రెండోది తొంభై.

గుజ్జును కాచే పొడుగాటి గొట్టం చివర రెండు సెన్సర్లు ఉంటాయి. రెండూ ఒకే వేడిని చూస్తాయి కాబట్టి ఒకే అంకె చెప్పాలి. తేడా ఒక డిగ్రీ దాటిందంటే యంత్రం ఇద్దరి మాటా నమ్మదు. గాలితో పనిచేసే వాల్వు ఒకటి దానంతటదే తిరిగి, గుజ్జును సంచుల వైపు పోనివ్వకుండా వెనక తొట్టిలోకి మళ్ళిస్తుంది. కనీసం తొంభైరెండు డిగ్రీలు కాగని గుజ్జు సంచిలోకి పోతే నాలుగైదు రోజులకు లోపల పులిసిపోయి సంచి ఉబ్బుతుంది. అలా జరగకుండా కాపలా కాయడమే ఆ వాల్వు పని. ఇప్పుడది మూసుకుని కూర్చుంది.

తనుజ మొదట సెన్సర్లనే అనుమానించింది. రెండూ ఊడదీసి, ల్యాబులో మరుగుతున్న నీళ్ళలో ముంచి, మీటరు పెట్టి చూసింది. రెండూ బాగున్నాయి. వైర్లు మార్చి చూసింది, బాగున్నాయి. ఇక మిగిలింది ప్యానెల్ లోపల ఆ వైర్లు వచ్చి చేరే కార్డు. అరచేయంత ఆకుపచ్చ బిళ్ళ. సెన్సర్లు పంపిన సంకేతాన్ని అంకెగా మార్చేది అదే. మరుగునీళ్ళలోని సెన్సరును ఆ కార్డుకు తగిలించి గంటసేపు తెర ముందు నిలబడింది. ధర్మపురి ఎత్తులో నీళ్ళు తొంభైఎనిమిదిన్నర దగ్గర మరుగుతాయి. మొదటి అంకె సరిగ్గా అంతే చూపింది. రెండోది మూడు డిగ్రీలు తక్కువ. తప్పు రెండోదానిదని తేలిపోయిందని ఆమె తేలికపడేలోపే, పావుగంటకు, మొదటిది మెల్లగా పైకి ఎగబాకి నూటొకటి దగ్గర ఆగింది. రెండోది తొంభైఎనిమిదిన్నరకు వచ్చింది. ఇంకో ఇరవై నిమిషాలకు రెండూ తప్పే చెప్పాయి.

పూర్తిగా పాడైపోయిన వస్తువుతో ఆమెకు ఎప్పుడూ భయం లేదు. పోయినదాన్ని తీసి పారేసి కొత్తది పెట్టవచ్చు. కాసేపు నిజం, కాసేపు అబద్ధం చెప్పేదానితో ఏం చెయ్యాలో ఎనిమిదేళ్ళలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బుధవారమంతా ఫోన్ దగ్గరే గడిచింది. యంత్రాన్ని అమ్మిన కంపెనీ సర్వీసు ఆఫీసు పుణెలో ఉంది. అవతలి మనిషి చాలా ఓపికగా మాట్లాడాడు. ఆమె ల్యాప్‌టాప్ ద్వారా యంత్రం లోపలికి తొంగిచూసి, కార్డే పోయిందని అతనూ తేల్చాడు. కొత్త కార్డు విదేశం నుంచి రావాలి, సోమవారానికి చేరుస్తామన్నాడు. సోమవారమంటే ఇంకా ఐదు రోజులు. అప్పుడు తనుజ ఒక దారి చెప్పింది. తప్పు ఎటు చూసినా మూడు డిగ్రీలు మించడం లేదు. తొంభైమూడు దగ్గర కాచే గుజ్జును తొంభైఏడు దగ్గర కాస్తే, ఏ అంకె అబద్ధమైనా గుజ్జు మాత్రం కాగుతుంది. గొట్టానికి పాతకాలపు ముల్లు థర్మామీటరు ఒకటి బిగించి, దాని ముందు ఒక మనిషిని కూర్చోబెడతాను. తేడా చూసి ఆగిపోయే కట్టడిని ఈ ఐదు రోజులు సడలించాలి, అందుకు పాస్‌వర్డ్ కావాలి అంది.

పాస్‌వర్డ్ ఇవ్వడానికి తనకు అధికారం లేదన్నాడతను. అధికారం ఉన్నవాళ్ళు ఎవరని అడిగితే, వాళ్ళకు ఉత్తరం రాయమని ఒక అడ్రసు ఇచ్చాడు. ఆమె రాసింది. అది అందినట్టు ఒక నంబరు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

మేనేజరు గోవిందరాజ్ ఆ రెండు రోజుల్లో ఆమె వెనక పదిసార్లు వచ్చి నిలబడ్డాడు. బట్టతల మీద చెమట తుడుచుకుంటూ తెరవైపు చూసి, గేటువైపు చూసి వెళ్ళిపోయేవాడు. షెడ్లలో పండబెట్టిన పండు పండిపోయింది. దాన్ని ఖాళీ చేస్తే తప్ప బయటి కాయను లోపలికి తీసుకోవడానికి చోటు లేదు. గేటు బయట ట్రాక్టర్లు నలభై దాటాయి. టార్పాలిన్ల కింద, జూన్ ఎండలో, కాయ రోడ్డు మీదనే పండుతోంది. బుధవారం సాయంత్రం వాసన షెడ్డు లోపలికి కూడా వచ్చింది. తియ్యటి వాసన, అంచున కాస్త పులుపు.

గురువారం పొద్దున గోవిందరాజ్ ఆమెను పక్కకు పిలిచాడు. రోడ్డుకు అడ్డంగా కూర్చుంటామని రైతులు పోలీసులకు చెప్పారట. చెన్నైలోని పెద్దాఫీసు నుంచి గంటకొక ఫోను. "ఒక్క నాలుగు రోజులమ్మా. ఆ వాల్వుకు నేరుగా గాలి పెట్టి తెరిచి ఉంచు. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు తమిళంలో.

ఎక్కువ చూపే అంకెను నమ్మి యంత్రం ఆవిరి తగ్గిస్తూ ఉంటుందనీ, అలా చేస్తే కాగినదీ కాగనిదీ అంతా సంచుల్లోకే పోతుందనీ తనుజ చెప్పింది. అతనికి ఆ సంగతి తెలియదని కాదు. పెన్నాగరం పక్కన రాగులు పండించే ఇంట్లో పుట్టినవాడు. కుళ్ళిన పంటను చూడటం ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. తొంభైఏడుకు పెంచుకుని నడుపుదామని ఆమె అంటే, గుజ్జు నల్లబడుతుంది, కొనేవాడు రంగు చూసి వెనక్కి పంపుతాడన్నాడు. పెంచాలన్నా ఆ పరిమితి కూడా పాస్‌వర్డ్ వెనకే ఉంది. వాల్వు తెరిచి పెట్టే పని నా చేత్తో చెయ్యలేను సార్ అని మాత్రం అంది తనుజ. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. కోప్పడి ఉంటే ఆమెకు కొంచెం సులువయ్యేది.

మధ్యాహ్నం గేటు కాపలాదారు మనిషిని పంపాడు, ఎవరో బంధువు అడుగుతున్నారని. తనుజ బయటికి పోయేసరికి సుబ్బరాయప్ప గేటు చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా ట్రాక్టరు కిందే పడుకుని లేస్తున్నాడు. తెల్లటి గడ్డం పెరిగింది, పంచె దుమ్ము కొట్టుకుపోయింది. ఆయన వెనక ఊరివాళ్ళు పదిమందిదాకా కాస్త ఎడంగా నిలబడి, వినీ విననట్టు చూస్తున్నారు.

"పాపా, కాయి కోసి నాలుగు దినాలయ్యింది," అన్నాడు ఆయన నెమ్మదిగా. "అడుగున ఉండేది మెత్తబడి పోతా ఉంది. తడిమి చూస్తే చెయ్యి లోపలికి పోతా ఉంది. లోపల నువ్వు ఉండావు గదా. ఏమన్నా చేసేకి కాదా?"

"మిషిన్‌లో ఒక సామాను పోయింది మామా. అది వచ్చేకి సోమవారం అవుతుంది."

"సోమవారానికి ఇక్కడ ఏముంటుంది పాపా?"

ధర్మపురి బజారుకు తోలుకుపొమ్మందామంటే, అక్కడ అంతకు ముందే బెంగుళూరా కుప్పలుగా పడి ఉందని ఆమెకు తెలుసు. గుజ్జుకు తప్ప ఆ కాయను తినడానికి అడిగేవాళ్ళు తక్కువ. వేరే ఫ్యాక్టరీల గేట్ల దగ్గరా ఇలాగే వరుసలు. ఆయన వెనక్కి తిరిగాడు. వెనకనున్నవాళ్ళకు తనుజను చూపించి, పాప చూస్తా ఉంది, ఏదో ఒకటి చేస్తుంది అని చెప్పాడు. ఆ మాట వినలేక ఆమె లోపలికి తిరిగింది.

షెడ్డు సగం దూరంలో ఉండగానే ఆమెకు చప్పుడు వినబడింది. టెంక తీసే యంత్రం తిరుగుతోంది. పంపు తిరుగుతోంది. లైను నడుస్తోంది.

ఎలక్ట్రీషియన్ సెల్వరాజ్ నిచ్చెన దిగుతున్నాడు. వాల్వు నెత్తిన కొత్తగా ఒక నీలం ప్లాస్టిక్ గొట్టం, నేరుగా గాలి పైపు నుంచి. తెర మీద ఎర్ర అంకెలు అలాగే కొట్టుకుంటున్నాయి గాని, వాటి మాట వినేది ఇప్పుడు ఏదీ లేదు. సెల్వరాజ్ ఆమె కళ్ళలోకి చూడలేదు. చెప్పారు, చేశాను మేడం అన్నాడు. ఇద్దరు పిల్లలవాడు, కాంట్రాక్టు మనిషి. ఆమె అతన్ని ఏమంటుంది?

గోవిందరాజ్ గేటు దగ్గర నిలబడి, వరుసలో ముందున్న ఐదు ట్రాక్టర్లను పండబెట్టే షెడ్డుతో పని లేకుండా నేరుగా కడిగే తొట్టికి పంపించాడు. వాటిలోని కాయ అప్పటికే పండిపోయింది కాబట్టి. మొదట వచ్చింది సుబ్బరాయప్ప ట్రాక్టరు. ఏరే ఆడవాళ్ళు కుళ్ళినవి రెండు మూడు తొట్లు పక్కకు తీసేశారు, మిగతాది బాగానే ఉంది. తనుజ అక్కడే నిలబడి ఆ ఏరడం అంతా చూసింది. తూకం చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ సుబ్బరాయప్ప ఆమె దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టాడు. వెనకనుంచి ఊరివాళ్ళు దండాలు పెట్టారు. పాప వల్లే తెరిచినారు అని ఎవరో అన్నారు. నేను కాదు అని ఆమె చెప్పబోయింది. ఎవరు, ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలి? నలభై ట్రాక్టర్లు ఇంజన్లు ఆన్ చేస్తున్న ఆ సందట్లో, ఆమె నోరు తెరవకుండానే ఆ నిమిషం దాటిపోయింది.

తన చేతిలో ఉన్నదేదో అది చేసింది. ఆవిరి గొట్టానికి చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉంది, దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. దాన్ని పావుచుట్టు తెరిచి వేడి పెంచింది. గంటలో ల్యాబు నుంచి జయప్రియ పరుగెత్తుకొచ్చింది. నాణ్యత చూసే ల్యాబుకు పెద్ద ఆమె, తనుజ కంటే రెండేళ్ళు చిన్నది. చేతిలోని గాజు గిన్నెలో గుజ్జు బెల్లం రంగుకు తిరిగింది. గోవిందరాజ్ వచ్చి తానే చక్రాన్ని వెనక్కి తిప్పాడు. తనుజ షిఫ్టు రిజిస్టరు తీసి, ఏ గంటకు వాల్వుకు నేరుగా గాలి పెట్టారో, ఏ గంటకు ఆవిరి పెంచిందో, ఎప్పుడు తగ్గించారో అంతా రాసి సంతకం పెట్టింది. జయప్రియతో ఒంటరిగా మాట్లాడింది. ప్రతి గంటకూ ఒకటి చొప్పున చిన్న సంచుల్లో నమూనాలు తీసి, పులుస్తాయో లేదో తెలిసేలా వెచ్చటి పెట్టెలో పెట్టమంది. జయప్రియ ఎలాగూ పెట్టేదే. అయితే వాటి ఫలితం తెలియడానికి ఐదు రోజులు పడుతుంది. అంతలో లైను ఆపే అధికారం జయప్రియకూ లేదు.

గురువారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రందాకా లైను ఆగలేదు. ఆరువందల చిల్లర డ్రమ్ములు నిండాయి. శుక్రవారం నింపినవన్నీ షెడ్లలో పద్ధతిగా పండిన పండువి. ఆ మూడు రోజులూ తనుజ కన్వేయరు గొలుసు బిగించింది, ఆగిన మోటారును నడిపించింది, పిలిచినచోటికల్లా పోయింది. ప్యానెల్ పక్కనుంచి పోయినప్పుడల్లా అంకెల వైపు చూసేది. తొంభైనాలుగు, తొంభైఒకటి. ఎనభైతొమ్మిది, తొంభైరెండు. గుడికి పోయినవాళ్ళు గర్భగుడి ముందు ఆగినట్టు అక్కడ ఆగి, చేతులు కట్టుకుని నిలబడి, మళ్ళీ నడిచేది. ఆదివారం ఇంటి దగ్గర సుబ్బరాయప్ప భార్య గోపమ్మ రాగిసంగటి, కోడికూర వండి పిలిచింది. తనుజ ఒంట్లో బాగాలేదని పోలేదు.

సోమవారం కొత్త కార్డు వచ్చింది. బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండు అంకెలూ ఒకదాని పక్కన ఒకటి కుదురుగా నిలబడ్డాయి. సెల్వరాజ్ నీలం గొట్టం పీకి చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున జయప్రియ ఫోన్ చేసింది. ల్యాబుకు రమ్మంది, అంతే. వెచ్చటి పెట్టె తలుపు తెరిచి ఉంది. అరల్లో చిన్న వెండిరంగు సంచులు, గురువారం మూడు గంటల నుంచి శనివారందాకా వరుసగా. సగానికి పైగా దిండ్లలా ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆవిరి పెంచిన గంటలోది మాత్రం చదునుగా పడి ఉంది. ఇద్దరూ వాటిని ముట్టుకోలేదు. గోడౌనులో డ్రమ్ముల మూతలు తీసి చూస్తే అక్కడా అంతే.

చెన్నై నుంచి ఇద్దరు వచ్చారు. ఒక పూట ఉన్నారు. రిపోర్టు అంతకు ముందే తయారై వచ్చినట్టుంది. బయట మూడు రోజులు ఎండలో నిలిచిన కాయ పులిసిపోయిందనీ, ఆ పులుపు లైనంతా పాకిందనీ, తప్పు ముడిసరుకుదనీ అందులో ఉంది. తనుజ రిజిస్టరు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. శుక్రవారం డ్రమ్ములు షెడ్డులో పండిన పండువి, అవి ఒక్క గంట కూడా రోడ్డు మీద నిలవలేదు, అవెందుకు ఉబ్బాయని అడిగింది. ఒక గంట వేడి పెంచితే ఆ గంట నమూనా ఎందుకు బాగుందని అడిగింది. వాళ్ళలో పెద్దాయన ఆమె చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు. మీ అభిప్రాయం కూడా జత చేస్తామన్నాడు. రిజిస్టరు తనతో తీసుకుపోయాడు. సంతకం చెయ్యమని రిపోర్టు ఆమె ముందు పెట్టినప్పుడు చెయ్యనంది. ఆమె సంతకం కోసం ఎవరూ ఆగలేదు. ఆ చోట సెల్వరాజ్ చేత చేయించుకున్నారు.

గోవిందరాజ్ సాయంత్రం ఆమె ప్యానెల్ దగ్గరికి వచ్చాడు. చెన్నైవాళ్ళకు వాల్వు సంగతి నోటితో చెప్పానని, కాగితం మీద మాత్రం రాయనివ్వలేదని అన్నాడు. అది నిజమో కాదో ఆమెకు తెలియదు. నిజమే అయినా పెద్ద తేడా లేదు.

గురువారం గేటుకు నోటీసు అంటించారు. ఇక ఈ సీజనుకు విడి రైతుల కాయ తీసుకోబడదు, ఏజెంట్ల ద్వారా వచ్చినదే తీసుకుంటాం, గత వారం కారిమంగళం వైపు నుంచి వచ్చిన పండు చెడిపోయి ఉన్నందువల్ల అని. సుబ్బరాయప్ప తోటలో అప్పటికి మూడోవంతు కాయ చెట్ల మీదే ఉంది. అందరి తోటల్లోనూ అంతే.

నోటీసు ఊళ్ళోకి రావడానికి ఎంతసేపు? వచ్చిన తర్వాత అందులో లేని మాటలు కూడా చేరాయి. గేటు తెరిచినప్పుడు మొదట లోపలికి పోయింది ఎవరి ట్రాక్టరు? అన్నిటికంటే పాతబడిన కాయ ఎవరిది? లోపల మేనకోడలు ఉంది కాబట్టి కుళ్ళినదాన్ని కూడా తోయించుకున్నాడు, ఆ కుళ్ళు అందరి నెత్తికీ చుట్టుకుంది. ముఖం మీద ఎవరూ అనలేదు. కాఫీ హోటల్లో సుబ్బరాయప్ప పోయి కూర్చుంటే మాటలు ఆగేవి. తోటలో కాపు కోయడానికి పిలిస్తే పక్కింటి మనిషి పని ఉందన్నాడు.

ఈ సంగతి తనుజకు చెప్పింది గోపమ్మ, ఏడుస్తూ. ఆయన చెప్పలేదు.

మరునాడు పొద్దున్నే తనుజ పాల సొసైటీ దగ్గరికి పోయింది. ఊరంతా ఒకచోట చేరేది అక్కడే. ఆరున్నరకు పాలబండి వచ్చేదాకా ఆడా మగా క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడతారు. సుబ్బరాయప్ప కూడా వరుస చివర ఉన్నాడు. ఆమెను చూసి ఎందుకొచ్చినావు అన్నట్టు కళ్ళెత్తాడు. తనుజ అరుగు పక్కన నిలబడి గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టింది. నలుగురి ముందు మాట్లాడి ఎరగదు. ఫ్యాక్టరీలో నేర్చిన మాటలు తెలుగులోకి రావడం లేదు, తమిళంలోకి జారుతోంది, మళ్ళీ తెలుగుకు వస్తోంది. మామిడిపండుది తప్పు కాదు, వేడి చూసే సామాను పాడయింది, ఆపాల్సిన దాన్ని ఆపకుండా తెరిచి పెట్టినారు, మామ కాయి ఏరినప్పుడు నేను పక్కనే ఉన్నాను, బాగానే ఉండింది, తర్వాత రోజు షెడ్డులో పండిన పండు గుజ్జు కూడా చెడిపోయింది, అది మన ఊరిది కూడా కాదు.

అందరూ విన్నారు. ఆమె ఆపాక నంజప్ప నోరు విప్పాడు. ఊళ్ళో పెద్దమనిషి, కఠినమైన మాట ఎవరినీ అనని మనిషి.

"సరి పాపా. మీ మామ కోసం నువ్వు చెప్పకపోతే ఇంకెవురు చెప్తారు," అన్నాడు మెత్తగా.

"మామ కోసం కాదు. జరిగింది చెప్తా ఉండాను."

"ఆ దినం తెరిపించింది నువ్వే గదా. మేమంతా చూస్తిమి గదా."

తెరిపించింది నేను కాదు అని ఆమె అంది. ఆ రోజు గేటు దగ్గర అనాల్సిన మాట అది. ఇప్పుడు అంటుంటే దాని రుచే వేరుగా ఉంది, తప్పు బయటపడ్డాక తప్పించుకునేవాళ్ళు అనే మాటలా. ఏదైనా కాగితం ఉందా అని వెనకనుంచి ఒకరు అడిగారు, ఎకసెక్కానికి కాదు, నిజంగానే. రిజిస్టరు చెన్నైలో ఉంది. షెడ్డులోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి ఫోటో కూడా లేదు. లేదు అంది. నంజప్ప తల ఊపాడు. అందరూ తలలు ఊపారు. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఒకింటి పిల్ల తన వాళ్ళను కాపాడుకోవడానికి చేసిన ప్రయత్నాన్ని గౌరవించి ఊపిన తలలు అవి. ఒక్కరూ నమ్మలేదు.

పాలబండి వచ్చింది. వరుస కదిలింది. సుబ్బరాయప్ప తన వంతు వచ్చేదాకా నిలబడి, పాలు పోసి, ఖాళీ క్యాను తీసుకుని ఇంటిదారి పట్టాడు. తనుజ పక్కన నడిచింది. తోట గట్టు దగ్గర ఆయన ఆగాడు. చెట్ల కింద రాలిన పండు పసుపుగా పరుచుకుని ఉంది. కట్టు విప్పుకున్న దూడ ఒకటి వాటిలో మూతి పెట్టి తింటోంది. ఆయన దాన్ని అదిలించలేదు.

"నువ్వు చెప్పిందంతా నిజమేనా పాపా?" అని అడిగాడు.

"నువ్వు కూడా అట్ల అడుగుతావా మామా?"

"అట్ల కాదు. ఆ దినం కాయి నేనే తడిమి చూసినాను గదా. అడుగున మెత్తగా ఉండింది. నాకే అనుమానంగా ఉంది, నా కాయే చెడిపేసిందేమో అని. పడుకుంటే అదే అనిపిస్తా ఉంది."

"లేదు మామా. నీ కాయి కాదు."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాలని ఆయనకు ఎంతగానో ఉంది. ఆ ఉండటం ఆమెకు కనబడుతోంది, అంతకు మించి ఏమీ కనబడటం లేదు. ఇంకోసారి చెప్పింది. మళ్ళీ మొదటినుంచి, సెన్సర్లు, కార్డు, వాల్వు, నీలం గొట్టం, ఒక్కొక్కటీ నేల మీద పుల్లతో గీసి చూపిస్తూ చెప్పింది. ఆయన పంచె ఎగగట్టి పక్కన కూర్చుని, గీతల్ని చూస్తూ, ఊ కొడుతూ విన్నాడు. అయిపోయాక లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"సరి పాపా," అన్నాడు. "నీకు పనికి పొద్దవుతా ఉంది. ఏడున్నర బస్సు పోతే మళ్ళీ తొమ్మిదికే."

ఆమె రోడ్డువైపు నడిచింది. మలుపు దగ్గర తిరిగి చూస్తే, ఆయన ఇంకా ఆ గీతల దగ్గరే నిలబడి కిందికి చూస్తున్నాడు. దూడ ఇంకో చెట్టు కిందికి పోయింది.